రడ్జ్ బండి విప్పిన నాయుడుగారు

మన వైపు కార్ల మాటొస్తే పెద్దవాళ్ళు కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలుచుకోకుండా వదలరు. వీరఘట్టంలో పుట్టిన ఆ కలియుగ భీముడు రెండు కార్లను గొలుసులతో పట్టుకుని అంగుళం కూడా కదలనిచ్చేవారు కాదంటారు. నేను రాస్తున్నది ఇంకో నాయుడు గారి గురించి. ఈయన కార్లను ఆపలేదు, విప్పారు. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. తమిళనాడులో, ముఖ్యంగా కోయంబత్తూరులో, చిన్నపిల్లాడికి కూడా తెలిసిన పేరు. ఎప్పుడో తరాల కిందట అటు వలసపోయిన తెలుగు కుటుంబాల్లో ఒకదాంట్లో పుట్టారు. అయినా మన కాలేజీలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది సినిమా ప్రొడ్యూసరా అన్నారు. పదోవాడు మా రూమ్మేటు, వాడికి నేనే ముందు చెప్పాను.

నాకు ఈయన మీద ఆసక్తి సిలబస్ వల్ల పుట్టలేదు. విజయనగరంలో మా మావయ్యకి పాత మోటారు సామాన్ల కొట్టు ఉంది. సంక్రాంతికల్లా మూసేద్దామనుకుంటున్నారు. గోడ పొడుగునా చెక్క అరలు, వాటి నిండా డైనమోలు, కార్బొరేటర్లు, హబ్బులు, ఏ బండివో ఎవరికీ గుర్తులేని ఇత్తడి ముక్కలు. చూడ్డానికొచ్చిన పాతినుము వ్యాపారి మొత్తానికీ కలిపి కిలోకి ఇంత అని ఒకే రేటు చెప్పాడు. అందులో అతని తప్పేం లేదు. ఫలానా పార్టు ఇది అని మనం చెప్పలేకపోతే దానికి మిగిలేది తూకం ఒక్కటే. ఆ రోజుల్లోనే నాయుడు గారి జీవితం చదువుతున్నాను. ఆయన కథంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగినట్టు నాకనిపించింది.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. చదువు అస్సలు పడలేదు. కొట్టే మాస్టారి కళ్ళలో ఇసక కొట్టి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతి దగ్గరే బడికి దణ్ణం పెట్టేసి పొలం పనిలో పడ్డారు. ఒకరోజు ఆ దారిన ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. 1912 మోడల్ రడ్జ్ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంతట తానే పోతోంది. కుర్రాడికి నిద్ర పట్టలేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వరుగా చేరాడు. మూడేళ్ళపాటు అణా అణా కూడబెట్టి, ఆ మూడు నాలుగు వందల రూపాయలూ తీసుకెళ్ళి ఆ దొర చేతిలో పెట్టి అదే బండి కొనుక్కున్నాడు.

ఇక్కడిదాకా అయితే ఇది కుర్రాడి సరదా. కొన్న తర్వాత ఆయన చేసింది వేరు. మనమైతే ఆ బండెక్కి ఊరంతా తిరుగుతాం, రీల్స్ చేస్తాం. ఆయన ఇంటికి తెచ్చి మొత్తం విప్పేశాడు. మళ్ళీ బిగించాడు. మాన్యువల్ లేదు, చెప్పేవాడు లేడు, ఇంగ్లీషు రాదు. అలా విప్పుతూ బిగిస్తూ మెకానిక్కయ్యాడు. ఆ కాలపు రడ్జ్ అంటే ఆషామాషీ బండి కాదు. అప్పుడే ఆ కంపెనీ మల్టీ అని ఒక మోడల్ తెచ్చింది. చైన్ ఉండదు, బెల్టు. గేర్‌బాక్సుకి బదులు ఇంజిన్ దగ్గరి పుల్లీ, వెనక చక్రం పుల్లీ ఒకటి వెడల్పయితే ఇంకోటి ఇరుకయ్యేలా లివరుతో జరుపుతారు. ఇప్పుడు మన స్కూటర్లలో ఉండే సి.వి.టి.కి తాతముత్తాత లాంటిది. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ టి.టి. సీనియర్ రేసు గెలిచింది రడ్జ్ బండే.

ఇక్కడ కాస్త పక్కకెళ్తాను, ఓపిక పట్టండి. ఈ రడ్జ్ పేరు ఇవాళ పాత స్పోర్ట్స్ కార్ల పార్టులు కొనే అమ్మేవాళ్ళ నోట రోజూ వినిపిస్తుంది. మోటారు సైకిలు వల్ల కాదు, చక్రం వల్ల. రడ్జ్-విట్‌వర్త్ కంపెనీలో జాన్ పగ్ అనే ఆయన 1908 ప్రాంతంలో ఊడదీసే తీగల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు టైరు పంచరైతే రోడ్డు పక్కనే కూర్చుని రిమ్ము మీదే కుస్తీ పట్టాలి. ఈ పద్ధతిలో హబ్బు మీద పళ్ళుంటాయి, చక్రం వాటి మీదికి జారుతుంది, మధ్యలో చెవులున్న ఒకే ఒక్క పెద్ద నట్టు. సుత్తితో చెవి మీద రెండు దెబ్బలు కొడితే బిగుస్తుంది, ఇటు కొడితే ఊడుతుంది. రేసుల్లో అది పెద్ద విప్లవం. తర్వాత యాభై ఏళ్ళు ఎన్ని కంపెనీలు ఆ పద్ధతి వాడుకున్నాయో లెక్కలేదు.

దాని అందమంతా మరలో ఉంది. కారు ఎడమ వైపు హబ్బుకి మామూలు కుడి మర, కుడి వైపు హబ్బుకి ఎడమ మర ఉంటుంది. బండి ముందుకి పరిగెడుతున్నప్పుడు నట్టు తనంతట తానే ఇంకా బిగుసుకునేలా ఆ ఏర్పాటు. అంటే దుమ్ములో ఒక నట్టు దొరికిందనుకోండి, మర ఎటు తిరుగుతోందో చూస్తే కారుకి ఏ వైపుదో తెలిసిపోతుంది. హబ్బు సైజులు 42, 52, 62 మిల్లీమీటర్లు ఇలా కొన్ని ఉన్నాయి, వెర్నియర్ పెట్టి కొలిస్తే ఏ తరహా కారుదో సగం తేలిపోతుంది. మిగతా సగం ముద్రల్లో ఉంటుంది. లూకస్ కంపెనీ డైనమోల మీద తయారైన నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. ఎస్.యు. కార్బొరేటర్ మూత దగ్గర స్క్రూ కింద చిన్న బిళ్ళ ఉంటుంది, దాని మీది నంబరే ఆ కార్బొరేటర్ ఏ ఇంజిన్ కోసం పుట్టిందో చెప్పేది. ఆ బిళ్ళ పోతే విలువ సగం పోయినట్టే. బోల్టు మర కోణం 55 డిగ్రీలైతే పాత బ్రిటిష్ విట్‌వర్త్ రకం, 60 అయితే అమెరికనో మెట్రిక్కో. విట్‌వర్త్ పానా మీద రాసుండే సైజు పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. ఇది తెలీక మా ల్యాబ్‌లో ఒక పాత పానా సెట్టుని తప్పుడు సైజులని పక్కన పడేశారు, ఇంకా అక్కడే ఉంది.

ధర సంగతికొద్దాం. మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. అని రెక్కల్లా పైకి లేచే తలుపుల కారు, 1954 నుంచి 1957 దాకా 1,400 మాత్రమే చేశారు. అందులో అల్యూమినియం బాడీవి 29. కొన్నప్పుడు అదనంగా డబ్బు కడితే రడ్జ్ చక్రాలు ఇచ్చేవారు. కొద్దిమందే కట్టారు. ఇప్పుడు ఆ అసలు చక్రాల సెట్టు దొరికితే ఆ డబ్బుతో మనూళ్ళో ఒక కొత్త కారు కొనుక్కోవచ్చు. నకళ్ళు కూడా బాగానే చేస్తున్నారు, కాబట్టి కొనేవాడు ముద్రలు చూస్తాడు, పళ్ళ అరుగుదల చూస్తాడు, నాలుగూ ఒకే కారు మీద తిరిగినవా అని చూస్తాడు, చివరికి ఎవరి దగ్గర్నుంచి ఎవరికొచ్చిందో కాయితాలు అడుగుతాడు. బుగాటీ టైప్ 57 అట్లాంటిక్ కార్లు నాలుగే పుట్టాయి, ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో మాయమై ఇంతవరకూ కనపడలేదు. అలాంటి కారు తలుపు పిడి ఒకటి దొరికినా, అది ఆ కారుదేనని నిరూపించగలిగితే, దానికి ధర చెప్పడం ఎవరి తరమూ కాదు. నిరూపించలేకపోతే అదొక పిడి. ఇనుము ఒకటే, మారేది దాని గురించి మనకి తెలిసింది.

మా మావయ్య అరల్లో అలాంటి చెవుల నట్టు ఒకటి బయటపడింది. ఎడమ మర. ఎవరి కారుదో, ఎప్పుడొచ్చిందో తెలీదు. పాత ఎం.జి. కారుదని కొలతలు, ముద్ర చూసి తేల్చాం. పాతినుము లెక్కన యాభై రూపాయలు కూడా రాదు. విశాఖలో పాత కారు బాగుచేసుకుంటున్న ఒకాయన నాలుగు వేలిచ్చి పట్టుకెళ్ళారు, ఇంకోటి ఉంటే చెప్పమని మూడుసార్లు ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి మా మావయ్య కొట్టు మూసే మాట తగ్గించి, శనివారాలు నన్నూ నా ఇద్దరు ఫ్రెండ్స్‌నీ అరల ముందు కూర్చోబెడుతున్నారు. మూడు అరలయ్యాయి, ఇంకా పదకొండున్నాయి. సంక్రాంతికి అవుతాయో లేదో చూడాలి.

సరే, నాయుడు గారి దగ్గరికి.

మెకానిక్కుగా కొంత సంపాదించాక ఆయన తిరుప్పూరులో పత్తి గింజలు తీసే మిల్లు పెట్టారు. బాగా కలిసొచ్చింది. పత్తిలో నాణ్యం గుర్తుపట్టడం కూడా ఒక విద్యే. మన పొందూరులో చూడండి, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే ఆడవాళ్ళు వేళ్ళ మధ్య పింజె పెట్టి చూసి ఇది కొండపత్తా, మామూలుదా అని చెప్పేస్తారు. చేతిలో ఉన్న సరుకు తెలిసినంతకాలం నాయుడు గారికి లాభమే. బొంబాయి వెళ్ళి పత్తి సట్టాలో దిగారు. అక్కడ సరుకు కళ్ళకి కనపడదు, కాయితం మీద ధర ఒక్కటే కనపడుతుంది. మొత్తం పోగొట్టుకుని వచ్చారు. నా మటుకు నాకు ఆయన జీవితంలో ఇది చాలా పెద్ద ఘట్టం. ముట్టుకోలేని వస్తువు ధర మీద పందెం కాయడం ఆయన మళ్ళీ ఎప్పుడూ చేసినట్టు కనపడదు.

చేతిలో చిల్లిగవ్వ లేని ఆ సమయంలో కోయంబత్తూరులో పేరున్న ఇంగ్లీషు వ్యాపారి సర్ రాబర్ట్ స్టేన్స్ దగ్గర కుదిరారు. ఆయన మోటారు వ్యాపారంలో పని నేర్చుకున్నారు, ఆయన సాయంతోనే 1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళనికి. డ్రైవరు తనే. పదమూడేళ్ళు తిరిగేసరికి, అంటే 1933కి, ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసులో 280 బస్సులున్నాయి. యు.ఎం.ఎస్. అంటే టైముకి వచ్చే బస్సు అని పేరు. మన ఆర్.టి.సి. కాంప్లెక్సులో గంటసేపు నిలబడ్డ ఎవరికైనా ఆ పేరు ఎంత కష్టమో అర్థమవుతుంది. అన్ని బస్సులు రోజూ రోడ్డెక్కాలంటే పార్టు అరిగినప్పుడు సీమ నుంచి ఓడ వచ్చేదాకా కూర్చుంటే కుదరదు. సొంత వర్క్‌షాపు కావాలి, ఏది బాగుచెయ్యొచ్చో ఏది మార్చాలో చూడగానే తెలిసినవాళ్ళు కావాలి. రడ్జ్ బండి దగ్గర ఆయన ఒక్కడే నేర్చుకున్న పని యు.ఎం.ఎస్.లో వందలమంది చేతికొచ్చింది.

తర్వాతి పదేళ్ళు చదువుతుంటే ఊపిరాడదు. యూరప్ తిరిగారు. డ్రై సెల్ బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి రసాంత్ అనే గడ్డం గీసుకునే యంత్రం చేశారు. బాగా పల్చటి బ్లేడు, ఫిల్మ్ కెమెరాకి దూరం సరిచేసే పరికరం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం, దొంగతనంగా మార్చడానికి వీల్లేని ఓట్ల యంత్రం. 1936లో లండన్‌లో అయిదో జార్జి అంతిమయాత్రని తన కెమెరాతో తీశారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి మోటారు తయారుచేసి బయటికి తెచ్చారు. దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్నే చెప్తారు. ఇవాళ మన పొలాల్లో నీళ్ళు తోడుతున్న పంపుసెట్లలో కోయంబత్తూరు పేరు ఎన్నిటి మీద ఉంటుందో ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడండి.

నన్ను ఆపేసింది మాత్రం 1941. అయిదు వాల్వుల రేడియో సెట్టుని మన దేశంలోనే 70 రూపాయలకి చెయ్యగలనని ఆయన ప్రకటించారు. అప్పట్లో సీమ రేడియో అంటే జమీందారు ఇంటి సామాను. లోపల వాల్వులు ఇన్ని, తీగచుట్టలు ఇన్ని, పెట్టె చెక్క ఇంత, మనిషి కూలీ ఇంత అని విడదీసి కూడినవాడికే అలాంటి అంకె చెప్పే ధైర్యం వస్తుంది. బయట బజార్లో రేడియో ధర చూసి అందులోంచి కొంత తగ్గించి చెప్పిన అంకె కాదది. వస్తువు లోపల్నుంచి పైకి కట్టుకుంటూ వచ్చిన ధర.

మన విద్యార్థులకి నచ్చే సంగతి ఒకటుంది. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజినీరింగు కాలేజీ మొదలవడానికి ముఖ్య కారకుడు ఈయనే. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ వేళ్ళు అక్కడున్నాయి. మూడో తరగతి చదివిన మనిషి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. ఇంజినీరింగుకి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఆరో సెమిస్టరులో కూర్చుని ఇది రాస్తున్న నాకు ఆయన మీద గౌరవం ఎంత పెరిగిందో వేరే చెప్పాలా? కానీ నవ్వు పక్కన పెడితే, మూడేళ్ళయినా ఒక్క ఇంజిన్ పూర్తిగా విప్పి బిగించని మనం ఆ వాదనకి ఏం జవాబు చెప్పగలం?

1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు చేశారు. ధర 2,000 రూపాయలు. అప్పటికి అలాంటి అంకె విన్నవాళ్ళు లేరు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది. ఫెరారీ వాళ్ళు 250 జి.టి.ఓ. అనే రేసు కారు 36 మాత్రమే చేశారు, 2018లో వాటిల్లో ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. తక్కువ చేశారు కాబట్టి ఎక్కువ ధర అని మనకి తేలిగ్గా అర్థమవుతుంది. కానీ తక్కువ అవడానికి కారణాలు అన్నీ ఒకలాంటివి కావు. ఫెరారీ రేసుల కోసం ఆ కారు చేసింది. నాయుడు గారు సామాన్యుడు కొనాలని చేశారు, వేలల్లో రావాలనుకున్నారు. ఆయన కారు అరుదైపోవడం ఆయన కోరుకున్నది కాదు. ఇవాళ ఆ కారు పార్టు ఒకటి ఎక్కడైనా దొరికిందనుకోండి, దాని మీద ఏ సీమ కంపెనీ నంబరూ ఉండదు, కేటలాగులో దొరకదు. పాతినుము కొట్లో మొదట తక్కెడెక్కేది అదే.

ఆ 1950ల మొదట్లోనే ఆయన ఇంకో పని చేశారు. ప్రభుత్వ పన్నుల తీరు, లైసెన్సుల తీరు మీద విసిగిపోయి, తను తయారుచేసిన రేడియోలు, యంత్రాలు జనం ముందు పెట్టి పగలగొట్టించారు. చాలామంది దాన్ని నిరసన అని మెచ్చుకుంటూ రాస్తారు. నాకు మాత్రం అది చదివిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది. నిరసన న్యాయమైనదే కావచ్చు. కానీ రడ్జ్ బండిలో ఒక్క స్క్రూ కూడా పోకుండా విప్పి బిగించిన చేతులవి. వస్తువు లోపల ఏముందో అందరికంటే బాగా తెలిసినవాడే దాన్ని పగలగొట్టమన్నాడంటే ఎంత విసిగి ఉంటాడో. ఆ రోజు పగిలినవాటిలో మళ్ళీ ఎవరూ చూడని డిజైన్లు ఎన్నో ఉండి ఉండాలి. అది ఆయనకి తెలుసు. ఆ సంగతి మర్చిపోయి ఆయన్ని మెచ్చుకోవడం నాకు చేతకావడం లేదు.

తర్వాత ఆయన వ్యవసాయ ప్రయోగాల్లో, పారిశ్రామిక ప్రదర్శనలో, కుర్రాళ్ళకి పని నేర్పడంలో మునిగిపోయారు. మనిషి కంటే ఎత్తు పెరిగే పత్తి మొక్కలు పెంచారు. సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయన్ని మెచ్చుకున్నారు. 1974 జనవరి 4న పోయారు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి జాతీయ అవార్డు వచ్చింది, సినిమా కూడా తీస్తున్నారు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరు మీది ట్రస్టు వాళ్ళు పారిశ్రామిక ప్రదర్శన నడుపుతున్నారు, 2015లో అక్కడే కార్ల మ్యూజియం కూడా తెరిచారు. 1886 నాటి బెంజ్ మోటారు బండి నకలు దగ్గర్నుంచి కాలక్రమంలో కార్లు నిలబెట్టారు. కారు పక్కన దాని కథ రాసుంటుంది. మన డిపార్ట్‌మెంటు వాళ్ళు ఇండస్ట్రియల్ టూర్ అనగానే అరకు, బొర్రా గుహలు అంటారు, అక్కడ ఏ ఇండస్ట్రీ ఉందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. విజయనగరం స్టేషన్లో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా కోయంబత్తూరులో దిగొచ్చు. హెచ్.ఓ.డి. గారికి లెటర్ రాసి పెట్టాను. సంతకాలు చెయ్యాలనుకునేవాళ్ళు మెకానికల్ బ్లాకు రెండో అంతస్తులో నన్ను కలవండి.